డాబా మీద గదిలో ఒంటరిగా ఉన్నాను, బొమ్మలు మళ్లీ మొదలెట్టాను, కాగితం ఆరడం లేదు

డాబామీదగది (ఆగస్టు 3, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్త. ఇంజనీరింగులో చేరాక కుంచె పట్టుకోలేదు, దాదాపు పదేళ్లు. వారం కిందట ఒక జబ్బు బయటపడింది. డాక్టరుగారు కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉండమన్నారు. అందుకని విశాఖ చినవాల్తేరులో మా ఇంటి డాబా మీది గదిలోకి మకాం మార్చాను. అమ్మ కంచం మెట్ల మీద పెట్టి కిందికి దిగిపోతుంది, అప్పుడు నేను తలుపు తీసి తెచ్చుకుంటాను. ఫోను చూసీ చూసీ కళ్లు మండిపోతుంటే తమ్ముడి చేత నా పాత రంగుల డబ్బా పైకి తెప్పించుకున్నాను. ట్యూబుల్లో సగం రాళ్లయిపోయాయి.

ఇప్పుడు రెండు తలనొప్పులు. ప్రింటర్ కాగితం మీద వేస్తే అప్పడంలా ముడుచుకుపోతోంది. డ్రాయింగు షీటు మీద వేస్తే గంటైనా ఆరదు. బయట వాన, లోపల ఉక్క, గోడ ముట్టుకుంటే చెమ్మ. రెండోది, అసలు ఏం వెయ్యాలి? కిటికీలోంచి కనిపించేది పక్కింటివాళ్ల నల్ల వాటర్ ట్యాంకు, దాని వెనక ఒక కొబ్బరిచెట్టు, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య నాలుగు వేళ్ల వెడల్పున సముద్రం. ఆ ట్యాంకు లేకపోతే ఇంకో నాలుగు వేళ్ల సముద్రం కనిపించేది.

రంగులడబ్బా (ఆగస్టు 3, రాత్రి 10.15)

రండి రండి. ముందు ఆ ప్రింటర్ కాగితం పక్కన పడేయండి. అది 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాముల పల్చటి కాగితం, నీటిరంగుకి పనికిరాదు. 300 జీఎస్ఎం కాగితం తెప్పించండి. పూర్తి కాటన్‌ది ఖరీదు, మొదట్లో కర్రగుజ్జు కాగితమైనా చాలు. ఎ4 షీటును నాలుగు ముక్కలు కోసుకోండి. పోస్టుకార్డంత జాగా అయితే భయం వెయ్యదు, పాడైనా బాధ ఉండదు.

గట్టిపడిన ట్యూబులు పారేయకండి! బ్లేడుతో ట్యూబు చీల్చి, ఆ ముక్కని సీసా మూతలో పెట్టి, నాలుగు చుక్కల నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. నీటిరంగులో ఉండే జిగురు తుమ్మజిగురే కదా, ఎండినా మళ్లీ కరుగుతుంది. అక్రిలిక్ ట్యూబులైతే మాత్రం గోవిందా.

పెదవాల్తేరు_మాస్టారు (ఆగస్టు 4, ఉదయం 6.05)

అమ్మాయీ, ముప్పై అయిదేళ్లు బడిలో డ్రాయింగు చెప్పిన చాదస్తంతో రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ఆరడం లేదని విసుక్కుంటున్నావు. ఎండాకాలంలో హైదరాబాదులో బొమ్మలేసేవాళ్లని అడుగు. ఆకాశం సగం పరిచేసరికి పై సగం ఎండిపోయి గీత పడుతుందని మొత్తుకుంటారు. మన చెమ్మ తడి మీద తడి వేసే పనికి వరం. మబ్బులు వాటంతటవే కలుస్తాయి. ఒకటే జాగ్రత్త. సగం ఆరిన చోట మళ్లీ నీళ్ల కుంచె తాకించావా, కాలీఫ్లవర్ విచ్చుకున్నట్టు మరక పాకుతుంది. అక్కడ చెయ్యి కట్టేసుకోవాలి. రెండు కార్డులు పక్కపక్కన పెట్టుకుని, ఒకటి ఆరేలోపు రెండోదాని మీద పని చెయ్యి.

రంగులు మూడు చాలు. అల్ట్రామెరైన్ నీలం, బర్ంట్ సియెన్నా అనే ఎర్రటి మట్టిరంగు, ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగు. మొదటి రెండూ కలిపి చూడు. నీలం పాలు పెంచితే వానమబ్బు, మట్టిరంగు పాలు పెంచితే తడిసిన గోడ. శ్రావణమాసపు విశాఖ మొత్తం ఆ రెండింటి మధ్యే ఉంది. ట్యూబులోంచి నలుపు తియ్యకు. నల్ల ట్యాంకు నిజంగా నల్లగా ఉందేమో పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడు.

ట్యాంకు అడ్డమంటావా? 1889 మే నెలలో వాన్ గో అనే చిత్రకారుడు తనంతట తానే సేంట్ రెమీ అనే ఊళ్లో మానసిక చికిత్సాలయంలో చేరాడు. ఏడాది ఉన్నాడు, ఆ ఏడాదిలో నూటయాభై దాకా బొమ్మలేశాడు. గది కిటికీకి ఇనుప చువ్వలు, అవతల ప్రహరీ కట్టిన గోధుమచేను. ఆ చేనుని మళ్లీ మళ్లీ వేశాడు, చువ్వలు మాత్రం వదిలేశాడు. నువ్వూ ట్యాంకు వదిలేయొచ్చు. నేనైతే ఉంచుతాను.

కంచరపాలెం_కుర్రాడు (ఆగస్టు 4, ఉదయం 11.30)

ఏటండీ మాస్టారూ, సముద్రం పెట్టుకుని ట్యాంకు వెయ్యమంటారా! మా కిటికీలోంచి చూస్తే నాలుగు ట్యాంకులు, నేను ఈపాటికి పెద్ద ఆర్టిస్టుని అయిపోవాలి.

అక్కా, ట్యాబ్ ఉంటే కాగితం గొడవే లేదు. డేవిడ్ హాక్నీ అని ఇంగ్లండు పెద్దాయన, 2020 లాక్‌డౌన్‌లో ఫ్రాన్సులో నార్మండీ అనే చోట ఉండిపోయాడు. 82 ఏళ్లు. ఇంటి చుట్టూ చెట్లు చిగురెయ్యడం, పూత పుయ్యడం ఐప్యాడ్ మీద వేసుకుంటూ కూచున్నాడు. మరుసటి సంవత్సరం లండన్‌లో ఆ బొమ్మలు పెడితే లెక్క ఎంతో తెలుసా? 116. నూటపదహార్లు! చదివింపుల లెక్క మనోళ్లెవరో చెప్పి ఉంటారు.

డాబామీదగది (ఆగస్టు 4, రాత్రి 8.50)

తమ్ముడూ, నవ్వాను. కానీ స్క్రీను నుంచి తప్పించుకోవడానికే కదా ఇదంతా.

మాస్టారూ, మీరు చెప్పినట్టు ట్యాంకు చూశాను. పొద్దున ఆరింటికి అది నీలం. నిజంగా నీలం! పదకొండింటికి పైన తెల్లగా మెరుస్తుంది, పక్కన గోడ ఎర్రదనం అంటుకుంటుంది. ఇన్నేళ్లు ఆ ఇంటి పక్కనే ఉండి చూడలేదు. నిజానికి ఆ ట్యాంకు మాకు పాత చుట్టమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో వాళ్ల అసలు ట్యాంకు ఎగిరొచ్చి మా డాబా మీద పడింది. ఇది దాని బదులు కొన్నది.

భీమిలిరోడ్డు (ఆగస్టు 5, ఉదయం 7.20)

ఏ జబ్బో చెబితే దానికి తగ్గట్టు సలహా ఇవ్వొచ్చు. ఇష్టం లేకపోతే వద్దు.

డాబామీదగది (ఆగస్టు 5, ఉదయం 8.00)

టీబీ. ఊపిరితిత్తులది. చుట్టాలకి ‘ఆయాసం’ అని చెప్పాం. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు కాబట్టి రాయగలుగుతున్నాను.

సాగరకన్య_77 (ఆగస్టు 5, ఉదయం 9.10)

అయ్యో. ఏమీ అనుకోకండి, జాగ్రత్త కోసం చెబుతున్నా. ఆ బొమ్మలు ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వకండి. కాగితం మీద ఊపిరి పడుతుంది కదా.

మందులషాపు (ఆగస్టు 5, ఉదయం 9.45)

సాగరకన్యగారూ, ఇది తప్పు. ఇలాంటి మాటల వల్లే ‘ఆయాసం’ అని చెప్పుకోవాల్సి వస్తోంది. టీబీ గాలి ద్వారా వస్తుంది. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు గాలిలోకి వచ్చిన క్రిములు ఇంకొకరు పీల్చాలి. కంచం, గ్లాసు, దుప్పటి, కాగితం తాకితే రాదు. మామూలు టీబీకి సరైన మందులు పడితే కొద్ది రోజుల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అందుకే ఆ రెండు వారాల మాట.

పోస్టు పెట్టినావిడకి: కిటికీలు తెరిచే ఉంచండి. ఉప్పుగాలికి రంగులు ఆరకపోయినా ఫర్వాలేదు, గది గాలి మారడం ముఖ్యం. ఆయిల్ పెయింట్ల జోలికి ఇప్పుడు పోకండి, టర్పెంటైన్ వాసన మీ ఊపిరితిత్తులకి మంచిది కాదు. పొడి రాలే పాస్టెల్స్, బొగ్గు, స్ప్రేలు కూడా వద్దు. నీటిరంగులు చక్కగా సరిపోతాయి. ఇంకో మాట, మీ టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ వల్ల మూత్రం, ఒక్కోసారి చెమట, కన్నీళ్లు కూడా నారింజరంగులోకి వస్తాయి. హడలిపోకండి.

డాబామీదగది (ఆగస్టు 5, ఉదయం 10.05)

మొదటిరోజే హడలిపోయాను. ఆ రంగు ఏ ట్యూబులోనూ లేదు.

ఉక్కునగరం_రిటైర్డ్ (ఆగస్టు 5, మధ్యాహ్నం 3.30)

మా పెదనాన్నగారిది ఇదే జబ్బు, 1950ల్లో. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఉంచారు. విశాఖ నుంచి అక్కడికి వెళ్లి చూడటమంటే మా ఇంట్లో కాశీయాత్రే. ఇంట్లో ఉండి మందులు మింగితే చాలని తేల్చింది మన పక్క మద్రాసులోనే. 1956లో మొదలెట్టి 193 మంది రోగుల్లో కొందరికి శానిటోరియంలో, కొందరికి వాళ్ల ఇళ్లలోనే ఒకే మందులు ఇచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది, ఇంట్లో ఉన్నవాళ్లకీ అంతే బాగా నయమైంది. పెదనాన్నగారు అక్కడ ఏం చేసేవారో తెలుసా? ఉత్తరాల వెనక కొండలు గీసి పంపేవారు. పెన్సిలుతో. ఏ కొండా ఇంకో కొండలా ఉండేది కాదు. అప్పట్లో పిల్లలం, అన్నీ ఒకేలా ఉన్నాయనుకునేవాళ్లం.

తోటవీధి (ఆగస్టు 5, సాయంత్రం 6.10)

ఎడ్వర్డ్ మంక్ అనే నార్వే చిత్రకారుడు 1919లో స్పానిష్ ఫ్లూతో పడి ఉన్న తన బొమ్మ తానే వేసుకున్నాడు. వాళ్లమ్మ, అక్క ఇద్దరూ టీబీతోనే పోయారు. ఆ బాధలోంచే

కంచరపాలెం_కుర్రాడు (ఆగస్టు 5, సాయంత్రం 6.12)

ఆపండి మహాప్రభో! పరామర్శకొచ్చి పోయినోళ్ల లిస్టు చదువుతారా?

తోటవీధి (ఆగస్టు 5, సాయంత్రం 6.20)

క్షమించాలి. మొరాండీ అనే చిత్రకారుడి గురించి చెబుతాను, ఆయన నిండు జీవితం బతికాడు. ఇటలీలో బొలోన్యా అనే ఊరు. చెల్లెళ్లతో ఉండేవాడు, పడకగదే పనిచేసే గది. నాలుగు సీసాలు, రెండు జాడీలు, ఒక డబ్బా, వాటినే అటు జరిపి ఇటు జరిపి దశాబ్దాలు వేశాడు. సీసా మధ్య సందు ఒక వేలంత మారితే అది ఇంకో బొమ్మ. మీ ట్యాంకు గురించి మాస్టారుగారు అంటున్నది అదేననుకుంటా.

అనకాపల్లిబెల్లం (ఆగస్టు 6, ఉదయం 7.00)

అప్పా, దూరదేశాలు ఎందుకు? మా కశింకోటలో వపాగారు ఉండేవారు. వడ్డాది పాపయ్యగారు. చందమామ అట్టల మీద ఆ బొమ్మలు చూసి పెరిగినోళ్లమే అందరం. ఎక్కువగా బయట కనిపించని మనిషని మా పెద్దలు చెప్పేవారు. ఆ బొమ్మల్లో వెన్నెల నీలం చూడండి. ఆ వెలుగు ఎలా తెచ్చారో ఇప్పటికీ అంతుపట్టదు.

రంగులు అయిపోతే భయం లేదు. ఎర్రమట్టి నీళ్లలో కలిపి, ఇసక అడుక్కి దిగాక పైన తేలిన బురదనీళ్లు వంచుకుని, ఆ నీళ్లు ఎండబెడితే మెత్తటి పొడి మిగుల్తుంది. తుమ్మజిగురు నీళ్లు, చుక్క తేనె వేసి నూరితే రంగు తయారు. బూజు పట్టకుండా రెండు చుక్కలు లవంగనూనె. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మట్టి అయితే అదిరిపోతుంది.

భీమిలిరోడ్డు (ఆగస్టు 6, ఉదయం 7.40)

మిగతాదంతా బాగుంది, ఆ చివరి మాట తీసెయ్యండి. ఎర్రమట్టి దిబ్బలు భౌగోళిక వారసత్వ ప్రదేశం. వేల ఏళ్లు గాలి, సముద్రం కలిసి పేర్చిన ఇసక అది. ఇప్పటికే తవ్వినోళ్లు తవ్వారు, ఇక బొమ్మలోళ్లం కూడా డబ్బాలు పట్టుకుని బయల్దేరాలా? ఎరుపు వచ్చేది ఇనుము తుప్పు వల్ల. అలాంటి మట్టి మీ పెరట్లో పునాది తవ్విన చోటా దొరుకుతుంది.

అనకాపల్లిబెల్లం (ఆగస్టు 6, ఉదయం 7.55)

నిజమే. ఒప్పుకుంటున్నాను. పెరటి మట్టే.

డాబామీదగది (ఆగస్టు 8, రాత్రి 10.30)

ఈరోజు వరలక్ష్మీవ్రతం. కింద పేరంటం. గాజుల చప్పుడు, నవ్వులు, పులిహోర వాసన అన్నీ పైకి వస్తున్నాయి, మనుషులే రారు. పొద్దున బాగా ఏడుపొచ్చింది. తర్వాత అమ్మ మెట్ల మీద తాంబూలం, శనగలు పెట్టి వెళ్లింది. అందులో పసుపు, సున్నం రెండూ ఉన్నాయి. పారాణికి కలిపినట్టు కలిపాను. పసుపు ఒక్కసారిగా ఎర్రబడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కానీ కుంచెతో తీసుకుని కాగితం మీద పెట్టడం మొదటిసారి. దాంతోనే శనగల గిన్నె వేశాను. గిన్నె వంకరపోయింది, శనగలు మాత్రం కుదిరాయి.

బుట్టకి తాడు కట్టి బొమ్మని కిందికి దించాను. అమ్మ తీసుకుంది. పక్కన ట్యాంకువాళ్ల పిన్ని ఉంది. పిన్ని అని పిలవడమే, చుట్టం కాదు. అమ్మ చూపించబోతే చేతులు వెనక్కి పెట్టుకుని, మెడ చాచి చూసి, ‘బాగుంది బాగుంది’ అంది. ఆవిడకి తెలిసిపోయినట్టుంది.

రంగులడబ్బా (ఆగస్టు 8, రాత్రి 10.50)

ఆ పసుపు ఎరుపు వెలుతురుకి ఆగదండీ, త్వరగా వెలిసిపోతుంది. ఫొటో తీసి పెట్టుకోండి. పిన్నిగారి సంగతి వదిలేయండి.

పెదవాల్తేరు_మాస్టారు (ఆగస్టు 9, ఉదయం 5.50)

శనగలు కుదిరాయంటే నీడ సరిగ్గా పడిందన్నమాట. గిన్నె అంచు వేసేటప్పుడు చెయ్యి కాకుండా మోచెయ్యి కదపాలి. ఏడుపొచ్చిన రోజున కూడా వేశావు చూడు, అందుకు పది మార్కులు. గిన్నెకి నాలుగే.

డాబామీదగది (ఆగస్టు 17, రాత్రి 9.00)

రెండు వారాలైంది. డాక్టరుగారు కిందికి వెళ్లొచ్చన్నారు, కొన్నాళ్లు మాస్కు పెట్టుకోమన్నారు. కింద భోంచేశాను. కానీ పడుకోవడానికి పైకే వచ్చేశాను. ఆఫీసుకి రెండు నెలల సెలవు పెట్టాను, అది అయ్యేదాకా గది నాదే.

ఇప్పటిదాకా ఇరవై ఆరు కార్డులు. అందులో పద్నాలుగు ట్యాంకువే. మిగతావి ఎక్కువగా ఓడలు. మా నాలుగు వేళ్ల సముద్రంలో హార్బరులో బెర్తు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలు కనిపిస్తాయి. రోజూ లెక్కపెట్టి, పోస్టుకార్డు మూలన అంకె వేస్తున్నాను. నిన్న మూడు, ఈరోజు ఒకటి. వాళ్లూ నాలాగే, ఒడ్డు కనిపిస్తుంటుంది, దిగడానికి లేదు. ఒక ఓడ తొమ్మిది రోజులు కదల్లేదు. దాని మీద బాగా ప్రేమ పుట్టింది. పదో రోజు పొద్దున లేచేసరికి లేదు.

కంచరపాలెం_కుర్రాడు (ఆగస్టు 17, రాత్రి 9.20)

చెప్పకుండా వెళ్లిపోయిందా అక్కా! ఓడల్లో కూడా అంతే అన్నమాట.

డాబామీదగది (సెప్టెంబరు 14, రాత్రి 11.10)

చాలా రోజులైంది. ఒక టెన్షన్ పట్టుకుంది, నిద్ర రావట్లేదు, ఇక్కడ రాస్తున్నాను.

కుండీలో ముద్దమందారం పూసింది. ఇన్నాళ్లూ బూడిదరంగులు వేసీ వేసీ విసుగొచ్చి, క్రిమ్సన్ ట్యూబు కొనిపించి ఆగస్టులో ఒకటి వేశాను. ఈ రాత్రి అదే పువ్వు మళ్లీ వేద్దామని కూర్చుంటే పళ్లెంలో ఎరుపు ఇటుక రంగులా కనిపిస్తోంది. ఆకు పచ్చకీ మట్టిరంగుకీ తేడా సరిగ్గా తెలియడం లేదు. కిటికీ పక్కన గోడకి అంటించిన పాత మందారం చూస్తే పాలిపోయి ఉంది. రంగు పోయింది బొమ్మలోనా, నా కళ్లలోనా?

కళ్లజోడు (సెప్టెంబరు 14, రాత్రి 11.25)

నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించే పని. మామూలుగా చదివి వెళ్లిపోతుంటాను, ఇది చూసి ఆగాను. మీ మాత్రల్లో ఇథాంబ్యుటాల్ ఉందా?

డాబామీదగది (సెప్టెంబరు 14, రాత్రి 11.27)

ఉంది.

కళ్లజోడు (సెప్టెంబరు 14, రాత్రి 11.40)

అయితే రేపు పొద్దున్నే మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. ఎల్లుండి కాదు. ఆ మందు కొద్దిమందిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట కనిపించే గుర్తుల్లో ఒకటి ఎరుపు, ఆకుపచ్చ తేడా తగ్గడం. అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి చాలామంది పట్టించుకోరు. డోసును బట్టి ఉంటుంది, సాధారణంగా కొన్ని నెలలు వాడాక వస్తుంది. తొందరగా పట్టుకుని మందు మారిస్తే చాలావరకు చూపు వెనక్కి వస్తుంది. ఆలస్యమైతే రాకపోవచ్చు.

మీకు ఇదే అయిందని నేననడం లేదు. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపకండి, అది ఇంకో ప్రమాదం. నిర్ణయం డాక్టరుగారిది. రేపు పగటి వెలుతురులో ఒక పని చెయ్యండి. ఎర్రటి సీసా మూత ఏదైనా తీసుకుని ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టు కనిపిస్తే ఆ మాట డాక్టరుకి చెప్పండి. తేడా లేకపోయినా వెళ్లాల్సిందే.

మందులషాపు (సెప్టెంబరు 14, రాత్రి 11.52)

కళ్లజోడుగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆగస్టులో మూత్రం రంగు గురించి రాశాను, ఇది రాయలేదు. నా పొరపాటు. రంగులతో పనిచేసే మనిషికి ఇదే ముందు చెప్పాల్సింది.

పెదవాల్తేరు_మాస్టారు (సెప్టెంబరు 15, ఉదయం 4.40)

ఇప్పుడే చూశాను. తల్లీ, వెళ్లి రా. వచ్చి రాయి.

డాబామీదగది (సెప్టెంబరు 16, రాత్రి 8.15)

వెళ్లొచ్చాను. కంటి డాక్టరుగారికి కూడా చూపించారు. చుక్కల వలయాల్లో అంకెలు దాగి ఉండే ఇషిహారా పుస్తకం చదివించారు. ఒక్కో పేజీ తిప్పుతుంటే ఇంటర్ రిజల్ట్స్ రోజు గుర్తొచ్చింది. అన్నీ చదివాను. రెండు కళ్లూ 6/6. నరం బాగానే ఉందన్నారు. ‘నువ్వు బొమ్మలేస్తావా? మంచిది, అనుమానం వస్తే మళ్లీ వెంటనే రా’ అన్నారు. ఇకనుంచి నెలకోసారి చూపించుకోవాలి. మందులు మొదలుపెట్టిన రోజే ఈ పరీక్ష చేసి పెట్టుకోవాల్సిందట, పోల్చి చూసుకోవడానికి. అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇంటికొచ్చి మా తమ్ముణ్ణి నిలదీస్తే అసలు సంగతి తెలిసింది. గదిలో ట్యూబులైటు పోతే పోయిన వారం పసుపు వెలుతురు ఎల్ఈడీ బల్బు పెట్టాడట. ‘కళ్లకి చల్లగా ఉంటుందని’ పెట్టాడట! పగలు అదే పళ్లెం కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఎరుపు ఎరుపే. మరి పాత మందారం ఎందుకు పాలిపోయిందో మాత్రం అర్థం కాలేదు.

రంగులడబ్బా (సెప్టెంబరు 16, రాత్రి 8.40)

హమ్మయ్య. అది క్రిమ్సన్ గొడవండీ. చవక క్రిమ్సన్‌లు, గులాబీరంగులు ఎండకి నిలవవు. ట్యూబు మీద లైట్‌ఫాస్ట్ అనే గుర్తు కోసం చూడాలి, నక్షత్రాలో అంకెలో ఉంటాయి. నేను చాలా ఏళ్ల కిందట పెళ్లికానుకగా గులాబీలు వేసిచ్చాను. ఏడాది తిరిగేసరికి అవి మల్లెలయ్యాయి.

పెదవాల్తేరు_మాస్టారు (సెప్టెంబరు 17, ఉదయం 5.45)

బతికించావు. మాట మీద నమ్మకు, చూసి నమ్ము. నీ దగ్గరున్న రంగులన్నీ ఒక కార్డు మీద పట్టీల్లా వెయ్యి. కార్డుని నిలువునా కోసి, సగం కిటికీ అద్దానికి అంటించు, సగం లావుపాటి పుస్తకంలో పెట్టు. మూడు వారాల తర్వాత పక్కపక్కన పెట్టు. మనం బడిలో పిల్లలతో చేయించేది ఇదే, వాళ్లకి భలే సరదా.

సాగరకన్య_77 (సెప్టెంబరు 17, ఉదయం 10.00)

ఆగస్టులో నేనన్న మాటకి సిగ్గుపడుతున్నాను. మా అత్తగారూ ఇవే మాత్రలు వాడుతున్నారు. ‘కళ్లు మసక’ అంటుంటే వయసు అనుకున్నాం. నిన్న తీసుకెళ్లాం. రిపోర్టు రావాలి. ఈ పేజీ చూడకపోతే వెళ్లేవాళ్లం కాదు.

కళ్లజోడు (సెప్టెంబరు 17, ఉదయం 10.30)

మంచి పని చేశారండీ. రిపోర్టు వచ్చాక చెప్పండి.

డాబామీదగది (అక్టోబరు 8, సాయంత్రం 5.30)

కార్డు ముక్కలు కలిపాను. అల్ట్రామెరైన్, సియెన్నా, ఓకర్ చెక్కుచెదరలేదు. క్రిమ్సన్ సగం పోయింది. పసుపు, సున్నం ఎరుపు ఉన్న చోట ఏదో ఉండేదన్న గుర్తు మాత్రం మిగిలింది. మాస్టారు మొదటిరోజు చెప్పిన మూడు రంగులే గెలిచాయి, కావాలని చెప్పారో లేదో తెలియదు.

సోమవారం నుంచి ఆఫీసు. మాత్రలు ఇంకో నాలుగు నెలలు. గది తమ్ముడికి ఇచ్చేస్తున్నా, వాడికి పోటీ పరీక్షలున్నాయి. గోడ మీద కార్డులన్నీ ఈరోజు పీకాను. అరవై మూడు. నాలుగింటికి వెనకవైపు బూజు చుక్కలు. మిగతావి సిలికా పొట్లాలు వేసి డబ్బాలో పెట్టాను.

మధ్యాహ్నం ట్యాంకువాళ్ల పిన్ని వచ్చింది. ‘మా ట్యాంకు బొమ్మలు వేస్తున్నావట’ అంది. ముప్పై దాకా పరిచి చూపించాను. ఈసారి చేత్తో తీసుకుని చూసింది, అయితే అంచులు మాత్రమే పట్టుకుంది. అందులో పొద్దుటి నీలం ట్యాంకు నచ్చింది. ‘అద్దం కట్టించి ఇస్తే హాల్లో పెట్టుకుంటా’ అంది. అద్దం ఎందుకు అడిగిందో నేను అడగలేదు. ఇంకో షరతు కూడా పెట్టింది. ట్యాంకు మూత విరిగి ఉంది కదా, వచ్చినవాళ్లు చూస్తే బాగోదు, మూత బాగున్నట్టు మళ్లీ వేసివ్వమంది.

కంచరపాలెం_కుర్రాడు (అక్టోబరు 8, సాయంత్రం 5.50)

మాస్టారూ, ఇదిగో మీ వాన్ గో చువ్వలు మళ్లీ వచ్చాయి. ఏం చెబుతారో చెప్పండి.

పెదవాల్తేరు_మాస్టారు (అక్టోబరు 8, రాత్రి 7.15)

మూత సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నన్ను ఇరికించొద్దు. నీటిరంగు బొమ్మకి అద్దం ఎలాగూ ఉండాల్సిందే, పిన్ని అడిగినా అడక్కపోయినా. ఫ్రేములు కట్టేవాడికి ఒక్కటి గట్టిగా చెప్పు. అద్దం కాగితానికి తగలకూడదు, మధ్యలో మందపాటి అట్ట, మౌంట్ అంటారు, అది పెట్టమను. తగిలిందా, మన గాలికి వచ్చే వానాకాలానికి అద్దం లోపల చెమ్మ పట్టి ట్యాంకు మళ్లీ కారుతుంది.